చెరువు కట్ట మీద పెద్ద చేప కోసం కూర్చుంటే పరిగెలు, జిలేబీలు ఎర కొట్టేయకుండా ఏం చేయాలి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ చెరువు కట్ట మీద కూర్చుని గాలం వేసినా అయిదు నిమిషాల్లో బెండు కదులుతుంది. కొత్తవాళ్లకు అది సంబరం. మంచి రోహు కోసమో బంగారు తీగ (కామన్ కార్ప్ చేప) కోసమో వచ్చినవాళ్లకు మాత్రం అక్కడే తలనొప్పి మొదలవుతుంది. ఎత్తి చూస్తే ముల్లు ఖాళీ. మళ్లీ ఎర గుచ్చి వేస్తారు, మళ్లీ ఖాళీ. ఎప్పుడైనా తగిలితే వేలెడంత పరిగె, లేదంటే అరచేతిలో సగం కూడా లేని జిలేబీ (తిలాపియా చేప). సాయంత్రం దాకా ఇలా గడిపి "ఈ చెరువులో పెద్ద చేపల్లేవు" అని లేచి వెళ్లిపోతారు. చేపలున్నాయి. మీ ఎర వాటి దాకా చేరడం లేదు.

ఈ చిన్న చేపల్ని చాలావరకు మనమే పిలుస్తున్నాం. మెత్తటి మైదా ముద్ద, వానపాము ముక్క, కట్ట రాళ్ల పక్కనే వేయడం, చుట్టూ తవుడు చల్లడం అన్నీ వాటికి నచ్చేవే. వాటిని తరిమే ఉపాయం ఏదీ లేదు. వాటి నోట పట్టని ఎరను, అవి తక్కువగా తిరిగే చోట, అవి నిమ్మళించే వేళలో వేయడమే మన చేతిలో ఉన్నది.

పనిలో దిగే ముందు

చెరువు ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. చాలా చెరువుల్లో మత్స్యకారుల సహకార సంఘం పిల్లలు వదిలి పెంచుకుంటుంది, కొన్నింటిని పాటలో ఎవరో తీసుకుని ఉంటారు. ఒక్క మాట అడిగితే గాలానికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు, అడక్కుండా కూర్చుంటే గొడవే. గుడి కోనేళ్ల జోలికి, శేషాచలం అడవిలోని మడుగుల జోలికి వెళ్లొద్దు. శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989 నుంచి రక్షిత ప్రాంతం, అక్కడ చేప పట్టడం నేరం.

ఇంకో మాట. వానపాముల కోసం చెరువు కట్టను తవ్వకండి. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకు లీకు పడినప్పుడు కింద ఊళ్ల జనం ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. కట్టలో చిన్న బొక్క కూడా చిన్న విషయం కాదు. ఎలాగూ ఈ పనికి వానపాము అక్కర్లేదు, ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

కొరికేది ఎవరో తేల్చుకోండి

బెండు టకటకా వణికి, ఆగి, మళ్లీ వణికితే పరిగెలు. గుంపుగా చేరి ముద్ద అంచుల్ని పీక్కుతింటాయి. ముల్లు నోట్లోకి పోదు కాబట్టి ఎన్నిసార్లు ఎగలాగినా దొరకవు. బెండు పక్కకు జరిగి, గబుక్కున మునిగి, వెంటనే తేలితే జిలేబీ. పొద్దుగూకాక వానపాము ఎరను ఒక్క ఊపున లాక్కెళ్లేది ఎక్కువగా జెల్ల. అడుగున మేసే పెద్ద చేప తీరు వేరు. నిలబడిన బెండు నిదానంగా పైకి లేచి పక్కకు వాలుతుంది, లేదా ఒకటే దిక్కుకు ఆగకుండా సాగిపోతుంది.

ఎరను బయటికి తీసినప్పుడు పారేయకుండా ఒకసారి చూడండి. ముద్ద చుట్టూ గీరినట్టు అరిగి, లోపలి ముల్లు కనబడుతుంటే పరిగెల పని. ఒక పక్క మాత్రం కొరికి ముక్క తీసినట్టుంటే జిలేబీ. ఎర అంతా అలాగే ఉంటే సంతోషించండి, చిన్నవి దాన్ని వదిలేశాయి.

మన చెరువుల్లో అన్నిటికంటే పెద్ద బెడద జిలేబీయే. ఇది ఆఫ్రికా చేప. 1952లో మన దేశానికి తెచ్చారు. 1959లో దాని పెంపకంపై నిషేధం వచ్చింది, కానీ అప్పటికే అది చేతులు దాటిపోయింది. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలకు ఆపద వస్తే మళ్లీ నోట్లోకే తీసుకుంటుంది. అందుకే చాలా పిల్లలు బతికి బయటపడతాయి. సరిగ్గా ఎదగకముందే గుడ్లకొస్తుంది, ఏడాదిలో పలుమార్లు పెడుతుంది. చెరువు కిక్కిరిసిపోయాక మేత చాలక అన్నీ అరచేతి సైజులోనే ఆగిపోతాయి. ఆకలిగా ఉన్న చిన్న చేపలు వందల్లో ఉన్న నీళ్లలో మీరు మెత్తటి ముద్ద వేస్తున్నారు. మిగులుతుందా?

చోటు మార్చండి

కట్టకు లోపలి వైపు పరిచిన రాళ్ల సందులు చిన్న చేపలకు ఇళ్లు. అక్కడ పాచి ఉంటుంది, పురుగు ఉంటుంది, కొంగకు దొరక్కుండా దాక్కునే చోటుంటుంది. గాలపు కర్ర పొడవు మేర, రాళ్ల పక్కనే వేస్తే ఎర వాళ్లింటి ముంగిట పెట్టినట్టే. రాళ్లు అయిపోయి మట్టి అడుగు మొదలయ్యే దాకానైనా ముల్లు వెళ్లాలి. దానికోసం రీలున్న రాడ్డు కావాలి. ఖరీదైనది అవసరం లేదు, ముప్పై నలభై గజాలు విసరగలిగితే చాలు.

మన చెరువుల్లో లోతు ఎక్కువగా కట్ట వైపే, తూము దగ్గర ఉంటుంది. వంక వచ్చి కలిసే వైపు పల్చటి నీళ్లు, తుంగ, గడ్డి. పల్చటి నీళ్లు చిన్నవాటివి. తూముకు ఎదురుగా, పాత వాగు తీరు వెంబడి, వేసవిలో పూడిక మట్టి తోలుకుపోయిన గుంతల దగ్గర పెద్దవి మేస్తాయి. మే నెలలో చెరువు సగం ఎండినప్పుడు ఒకసారి కట్ట మీద నడిచి ఆ గుంతలు ఎక్కడున్నాయో, ఏ చెట్టుకు ఎదురుగా ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కార్తీకంలో చెరువు నిండాక ఆ ఫొటో మీకు ఎంతో పనికొస్తుంది. పిచ్చాటూరు దగ్గరి అరణియార్, కార్వేటినగరం కృష్ణాపురం, పెనుమూరు వైపు కలవగుంట లాంటి జలాశయాల్లో అయితే నీళ్లు విస్తారం, అక్కడ ఒడ్డు నుంచి లోతు చప్పున పడే చోటు వెతుక్కోవాలి.

కొత్త నీళ్లు వచ్చేటప్పుడు వంక మొగలో పరిగెలు ఎదురెక్కడానికి గుంపులు కడతాయి. ఆ మొగలో వేయకండి. అక్కడి నుంచి కొంచెం లోపలికి, ఎర్రనీళ్లు పాత నీళ్లతో కలిసే చోట వేయండి. బురద నీళ్లు మనకు మేలే చేస్తాయి. జిలేబీ, పరిగె కంటితో చూసి ఎరను పట్టే రకం. బంగారు తీగకు నోటి పక్కన రెండు జతల మీసాలున్నాయి, వాటితో తడుముకుంటూ, వాసన పట్టుకుంటూ చీకట్లోనూ బురదలోనూ మేస్తుంది.

ఎర: సగం పని ఇక్కడే ఉంది

కట్ల, రోహు, మృగాల, బంగారు తీగ అన్నీ ఒకే వంశం. వాటికి నోట్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. బంగారు తీగ అయితే ఆ గొంతు పళ్లతో నత్త గుల్లను కూడా నలిపేయగలదు. పరిగెకు, అరచేతి జిలేబీకి అంత గట్టిదాన్ని మింగే వీలు లేదు. కాబట్టి ఎర గట్టిగా, పెద్దగా, గింజల వాసనతో ఉండాలి. వానపాము, రొయ్య, కోడి పేగు లాంటి మాంసపు ఎరలు వద్దు. వాటికి చిన్నవన్నీ ఎగబడతాయి, రాత్రయితే జెల్లలు కూడా.

రాగి ముద్దతో మొదలుపెట్టండి. కావేరి నదిలో మహసీర్ లాంటి పెద్ద చేపలకు ఎన్నో ఏళ్లుగా రాగి ముద్దే ఎర. మన ఇళ్లలో సంగటి చేయడం తెలియనివాళ్లెవరు? కానీ తినే సంగటి ఎరగా పనికిరాదు, నీళ్లలో విడిపోతుంది. ఇలా చేయండి.

నాలుగు పిడికిళ్ల రాగి పిండికి ఒక పిడికిలి గోధుమ పిండి కలపండి. రాగిలో జిగురు తక్కువ, పట్టి ఉంచేది గోధుమ పిండే. ఒక కోడిగుడ్డు కొట్టి పోయండి, చిటికెడు బెల్లం పొడి వేయండి. నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ చపాతీ పిండి కంటే గట్టిగా పిసకండి. వేళ్లకు అంటుకోకూడదు. పెద్ద ఉసిరికాయంత ఉండలు చుట్టి మరిగే నీళ్లలో వేయండి. పైకి తేలాక ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచి తీసేయండి. గుడ్డులోని తెల్లసొన ఉడికి ఉండ చుట్టూ రబ్బరులాంటి తోలు కడుతుంది. చిన్న చేపల నోటికి అడ్డుపడేది ఆ తోలే. ఉండల్ని గుడ్డ మీద పరిచి ఒక రాత్రి ఆరనివ్వండి, ఇంకా గట్టిపడతాయి. ఐరోపాలో కార్ప్ చేపల కోసం వాడే బాయిలీలు, అంటే ఉడికించిన ఎర ఉండలు, అన్నీ ఇదే పద్ధతి. మనం కొనాల్సిన పని లేదు.

జిలేబీల బెడద మరీ ఎక్కువున్న చెరువైతే ఉండను మాని మొక్కజొన్న గింజలకు, కొమ్ము శనగలకు మారండి. ఎండు మొక్కజొన్నను ఒక రోజంతా నానబెట్టి అరగంట ఉడికించాలి. గోరు గుచ్చితే దిగాలి, నలిపితే నలగకూడదు. కొమ్ము శనగలు రాత్రి నానబెట్టి, పొట్టు ఊడకుండా ఇరవై నిమిషాలు ఉడికిస్తే చాలు. వేరుశనగ పప్పు కూడా మంచి ఎరే, మన జిల్లాల్లో దానికి కొదవా? కానీ ఏ గింజనైనా నానబెట్టకుండా, ఉడికించకుండా నీళ్లలో వేయకండి. పచ్చి గింజ చేప కడుపులోకి వెళ్లాక ఉబ్బి దానికి ప్రాణం మీదకు వస్తుంది. మనం పట్టని చేపకు కూడా హాని చేయకూడదు.

స్వీట్‌కార్న్ సంగతి చాలామంది అడుగుతారు. చేపకు ఇష్టమే, కానీ మెత్తన. జిలేబీ ఒక్కో గింజను నిమిషంలో లాగేస్తుంది. వేసవి పొద్దున దాన్ని వాడకండి.

ముల్లును ఎరలో దాచకండి

ఇంత గట్టి ఎరలో ముల్లు గుచ్చితే ఇంకో చిక్కు వస్తుంది. లాగినప్పుడు ముల్లు మొన ఎరలోనే ఉండిపోయి చేప పెదవికి దిగదు. దీనికి ఇంగ్లండ్‌లో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడాక్స్ అనే ఇద్దరు కనిపెట్టిన ముడి ఉంది. దాన్ని హెయిర్ రిగ్ అంటారు. ఎర ముల్లుకు గుచ్చుకోదు, ముల్లు కింద చిన్న దారానికి వేలాడుతుంది.

ముల్లుకు దారం కట్టేటప్పుడు చివర మూడు నాలుగు అంగుళాలు అదనంగా వదలండి. ఆ చివరన చిన్న ఉచ్చు వేయండి. గోనెసంచి కుట్టే దబ్బనం సన్నదైతే అదే చాలు, దాని చెవిలో ఉచ్చు దూర్చి ఉండ మధ్యగా, లేదా రెండు మూడు మొక్కజొన్న గింజల గుండా లాగండి. బయటికొచ్చిన ఉచ్చులో చీపురు పుల్ల ముక్క అడ్డంగా పెట్టి బిగిస్తే ఎర జారదు. ముల్లు వంపుకు, ఎరకు మధ్య గింజంత ఖాళీ ఉంటే సరిపోతుంది.

చిన్న చేప ఎరను ఎంత పీకినా ముల్లు జోలికి రాదు, ఎర ఊడదు కూడా. పెద్ద చేప ఎరను పీల్చుకుంటుంది, ముల్లు వెంట నోట్లోకి పోతుంది. ఎర గట్టిగా ఉందని ఉమ్మేయబోతుంది. అప్పుడు పెదవికి దిగుతుంది. గింజలకు 6 లేదా 4 నంబరు ముల్లు, రాగి ఉండకు 2 నంబరు (నంబరు తగ్గేకొద్దీ ముల్లు పెద్దది). చిన్న ముల్లు వేస్తే పరిగెకు కూడా తగులుతుంది, కాబట్టి చిన్నది వద్దు.

సీసం గుండు 40 నుంచి 60 గ్రాముల మధ్య చూసుకోండి. విసిరే దూరానికే కాదు, ఎర గబగబా అడుగుకు చేరడానికీ ఈ బరువు కావాలి. పైనీళ్లలో, నడిమి నీళ్లలో తిరిగే పరిగెల మధ్య నుంచి ఎర నిదానంగా దిగితే అడుగు చేరేలోపు కథ ముగుస్తుంది. దారం తెగితే గుండు దానంతటదే జారిపోయేలా కట్టండి. లేకపోతే చేప ఆ బరువును ఈడ్చుకుంటూ చచ్చిపోతుంది.

మేత చల్లడంలో తెలివి

కట్ట మీద అందరూ చేసేది తవుడు, వేరుశనగ చెక్క పొడి కలిపి గాలం చుట్టూ జల్లడం. పొడి నీళ్లలో మబ్బులా పరుచుకుంటుంది, అరగంటలో చెరువులోని చిన్న చేపలన్నీ అక్కడికే వస్తాయి. పొడి అంటే వాటికి పిలుపు. దాన్ని మీ వైపు కాకుండా ఇంకో వైపు తిప్పండి. మీరు కూర్చున్న చోటికి ముప్పై అడుగుల దూరంలో, ఒడ్డుకు దగ్గరగా, రాళ్ల పక్కన తవుడు ముద్దలు రెండు మూడు పడేయండి. గంటకోసారి మళ్లీ వేయండి. చిన్నవి అక్కడ కొట్లాడుకుంటూ ఉంటాయి.

మీ ముల్లు దగ్గర మాత్రం గింజలే చల్లండి. ఉడికిన మొక్కజొన్న, శనగలు రెండు పిడికిళ్లు, అంతకు మించి వద్దు. వేరుశనగ చెక్క వాడాలనిపిస్తే పొడి చేయకుండా గోలీకాయంత ముక్కలుగా విరిచి వేయండి, అది అడుగున నానుతూ నూనె వాసన నిదానంగా వదులుతుంది. వీలుంటే రెండు మూడు సాయంత్రాలు ముందుగా వచ్చి గాలం వేయకుండా గింజలు మాత్రం అదే చోట చల్లి వెళ్లండి. గట్టి గింజల్ని చిన్నవి ముగించలేవు, మిగిలినవి పెద్దవాటి కోసం ఉంటాయి. మేత దొరికే చోటుకు అవి ఆ వేళకే రావడం అలవాటు చేసుకుంటాయి. ఈ ఓపిక ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు తేడా చాలా ఉంటుంది.

ఏ వేళలో

ఎండ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు చిన్నవాటి రాజ్యం. తెల్లవారకముందు గంట, పొద్దుగూకాక రెండు గంటలు మీవి. చూపుతో మేసే జిలేబీ చీకటి పడితే అడుగు చేరి నిమ్మళిస్తుంది. డిసెంబరు, జనవరి చలి కూడా సాయం చేస్తుంది. పలమనేరు, కుప్పం వైపు మెట్ట ప్రాంతం, తెల్లవారుజామున చెరువు నీళ్లు చల్లబడితే జిలేబీ చురుకు తగ్గుతుంది, బంగారు తీగ మాత్రం చల్లటి నీళ్లకు అలవాటు పడిన చేప.

రాత్రిపూట కట్ట మీద ఒంటరిగా ఉండకండి. టార్చి లేకుండా రాళ్ల మధ్య కాలు పెట్టకండి, పాములుంటాయి.

వేశాక కదిలించకండి

ఎర మీద నమ్మకం కుదిరేదాకా ఇది కష్టమే. రాడ్డు కొన టకటకా కొట్టుకుంటుంటే చేయి ఊరుకోదు. ఊరుకోండి. అవి తోలును పీకుతున్నాయి, అంతకు మించి ఏమీ చేయలేవు. ప్రతిసారీ ఎత్తి వేస్తుంటే ఎర దిగే చప్పుడుకు ఇంకో గుంపు చేరుతుంది. కనీసం గంట అలాగే ఉంచి, అప్పుడు తీసి చూడండి. ఉండ సగానికి అరిగిపోతే ఇంకా ఉడికించి ఆరబెట్టాలని అర్థం, లేదా గింజలకు మారాలి.

టకటకలు ఉన్నట్టుండి ఆగిపోతే చాలామంది ఎర అయిపోయిందనుకుని లాగేస్తారు. ఆ తప్పు చేయకండి. పెద్దది దగ్గరికి వస్తే చిన్నవి పక్కకు తప్పుకుంటాయి. రీలు కొంచెం వదులుగా పెట్టి చేయి దగ్గరగా ఉంచండి.

ఈ పద్ధతి కుదరని చేపలు

కట్లకు గట్టి ఎర పని చేయదు. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది, నీళ్లలో తేలే సన్నటి మేతను వడకట్టుకు తింటుంది. దానికి స్ప్రింగు చుట్టూ ముద్ద అద్ది, పక్కన చిన్న ముళ్లు వేలాడదీసే పద్ధతే కావాలి, అక్కడ చిన్నవాటి నుంచి పూర్తిగా తప్పించుకోలేం. ముద్దలో గోధుమ పిండి పాలు పెంచి స్ప్రింగుకు బాగా నొక్కి అద్దండి, దూరంగా వేయండి, ఇరవై నిమిషాలకోసారి మార్చండి. అంతవరకే మన చేతిలో ఉంది.

కొర్రమీను కోసమైతే రబ్బరు కప్ప బొమ్మను తుంగ మధ్య లాగండి. పరిగె దాన్ని ముట్టనే ముట్టదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక తిరుపతి జిల్లాకు సముద్రం కూడా వచ్చింది. వాకాడు మండలం తూపిలిపాళెం ఒడ్డున పండుగప్ప కోసం వేసేవాళ్లకూ ఇదే బాధ, రొయ్య ముక్క వేస్తే చిన్న జెల్లలు, పీతలు నిమిషంలో తినేస్తాయి. అక్కడ ముక్క ఎర మానేసి, అరచేయంత బతికున్న చేపను పెద్ద ముల్లుకు వేయండి. ఈదే ఎరను పీత పట్టలేదు, చిన్న జెల్ల మింగలేదు.

అయినా చిన్నది తగిలితే

చేయి తడుపుకుని పట్టుకోండి, పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడిపోయి పుండు పడుతుంది. పరిగెను మెల్లగా విడిపించి నీళ్లలో వదలండి. జెల్లను మాత్రం చేత్తో పిడికిలి పట్టకండి. వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి ముళ్లుంటాయి, గుచ్చుకుంటే భరించలేని సలుపు. పటకారతో గాలపు ముల్లు తీయండి. గుచ్చుకుంటే గాయాన్ని కడిగి, కాలకుండా తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచితే సలుపు తగ్గుతుంది. ముక్క లోపల విరిగినా, వాపు పెరిగినా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

జిలేబీ దొరికితే వెనక్కి వేయనక్కర్లేదు, పులుసుకు బాగుంటుంది, మరీ చిన్నవైతే మసాలా పట్టించి కరకరలాడేలా వేయించుకోవచ్చు. కానీ సరదాకు బకెట్లో ప్రాణంతో తీసుకెళ్లి ఊరి బావిలోనో, అది లేని ఇంకో చెరువులోనో వదలకండి. రెండేళ్లలో ఆ నీళ్లు కూడా వాటితో కిక్కిరిసిపోతాయి, ఆ తర్వాత అక్కడి నుంచి వాటిని తీసేయడం ఎవరి వల్లా కాదు.